మూడు వందల పన్నెండు కిటికీలు

బొగ్గు బాయిలోకి దిగిన ఇరవై ఆరో ఏడు, మే 6. మొదటి షిఫ్టు

ఈ పుస్తకంలో రాయాల్సింది ఫ్యాన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత నూనె తాగింది, అంతే. ఆగయ్య సారు ఉన్నన్నాళ్లూ అదే రాశాడు. ఆయన పోయాక పుస్తకం నా చేతికొచ్చింది. నేను గజ్జెల భూలక్ష్మిని, ఫ్యాన్ హౌస్ ఖలాసీని. నూనె పోయడం, బెల్టు మార్చడం, బొగ్గు దుమ్ము తుడవడం నా పని. ఇకమీద నాకు రాయాలనిపించింది రాస్తాను. కమిటీకి నచ్చకపోతే వచ్చి చెప్పనీ.

పొద్దున్నే నాలుగో లెవెల్, పందొమ్మిదో గది నుంచి పిలుపు వచ్చింది. మాస్కు తగిలించుకుని వెళ్లాను. మాస్కు లేకుండా గ్యాలరీలో పావుగంట నడిస్తే మోకాళ్లు వణుకుతాయి. పైకి పోదామంటే పైన మే నెల, అరగంటలో చర్మం లేస్తుంది. ఈ పాత బొగ్గు బాయి గోడల్లోంచి గ్యాస్ ఊరుతూనే ఉంటుంది. దాన్ని బయటికి తోసేది గదికొకటి చొప్పున ఉన్న గాలికిటికీ. ఒక్కో కిటికీకి పన్నెండు ఇనుప పలకలు. ఒక మనిషికి ఒక పలక తెరుచుకోవాలి.

ఆ గదిలో పదకొండు మంది. మెహరున్నీసా అక్క కిటికీ కింద నిలబడి వేలు పెట్టి చూపించింది.

"నిన్నటిదాక ఆరు తెరిచి ఉండె. ఇయ్యాల ఐదే. మా అత్తకు ఆయాసం ఆగుతలేదు."

పదిహేను రోజుల కిందటి దాకా అక్కడ పదకొండు పలకలూ తెరిచే ఉండేవి. తర్వాత సభ తీర్మానం చేసింది. మావాళ్లు కిందికి దిగిన మొదటి ఏళ్లలో గాలి పంచేవాళ్లు తమవాళ్ల గదుల్లో ఎక్కువ పలకలు తెరిచేవారట, మిగతా గదుల్లో మనుషులు రాలిపోయారట. అందుకని ప్రతి సభకు ముందు అందరం లేచి నిలబడి ఒకే మాట అంటాం: అందరికీ ఒకటే. గింజలు, నీళ్లు, సబ్బు, ఏదైనా సరే, మనుషుల్ని బట్టి కాదు, గదికి ఇంత. గాలి ఒక్కటే మిగిలింది. పెద్ద ఫ్యాన్ మోయగలిగింది మొత్తం పద్దెనిమిది వందల డెబ్బై రెండు పలకలు. గదులు మూడు వందల పన్నెండు. భాగిస్తే ఆరు. ఇంటికో లెక్క వద్దు, అందరికీ ఆరు. ఫ్యాన్ హౌస్ కంప్యూటర్లో కిటికీల్ని నడిపే ప్రోగ్రాం ఉంది, అందులో ఆ మార్పు చేసింది నేనే. సభలో కమిటీ పెద్ద రాజమొగిలి సారు నాకు చప్పట్లు కొట్టించాడు. కొత్త బూట్లు ఇచ్చారు.

మోటారు విప్పి చూశాను, బాగానే ఉంది. పక్క గదికి వెళ్లాను, అక్కడా ఐదే. రెండో లెవెల్, మొదటి లెవెల్, అన్నిచోట్లా ఐదే. నిన్న సాయంత్రం ఒకే నిమిషంలో అన్నీ దిగాయట. ఒక మోటారు చెడిపోతే అర్థముంది. మూడు వందల పన్నెండు ఒకేసారి చెడిపోవు.

మే 8. మొదటి షిఫ్టు

మెహరున్నీసా అక్క వాళ్ల అత్త తెల్లారుజామున పోయింది. పదింటికి కిటికీలన్నీ నాలుగుకు దిగాయి.

రాజమొగిలి సారు ఫ్యాన్ హౌస్‌కు వచ్చాడు. "ఆగయ్య ఏందో పెట్టి పోయిండు ప్రోగ్రాంల. ఎవ్వలకు నేర్పకపాయె, సచ్చినంక గూడ సతాయిస్తుండు."

నేర్పలేదన్నది నిజమే. ఆరేళ్లు ఆయన వెనకాల నూనె డబ్బా మోశాను. నేను వస్తే స్క్రీన్ మీద తువాలు కప్పేవాడు. నేను నేర్చుకున్నది అట్ట లేని పదో తరగతి కంప్యూటర్ పుస్తకంలోంచి. చివరి పద్దెనిమిది పేజీలు లేవు. అందులో ఏముండేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"నువ్వు ఒక్కదానివేనా అది సదవొచ్చింది?" అన్నాడు.

"నాకు గూడ సగమే వచ్చు సారూ. ఇంకో రెండు జతల కండ్లు కావాలె."

"బడిపిల్లలున్నరు గద. పదో తరగతిల కంప్యూటర్ పాఠం ఉండె."

నవ్వొచ్చింది. ఆ బడిలో పదకొండేళ్లుగా కంప్యూటర్ లేదు. పాఠం మాత్రం ఉంది. పిల్లల చేత నల్లబల్ల మీది వాక్యాలు కంఠస్థం చేయించి మార్కులు వేసి పై తరగతికి పంపుతారు. అయినా సరేనన్నాను. ముగ్గుర్ని పంపారు: ఎల్లేశ్, చంద్రకళ, మెహరున్నీసా అక్క కూతురు నసీమా. నసీమా వాళ్ల దాదీ, అంటే నాయనమ్మ, పోయిన రోజే ఆ పిల్లని పంపారు. నేను వెనక్కి పొమ్మన్నాను. "ఇంట్ల కంటె ఈడ గాలి మంచిగున్నది అక్కా" అంది. కూర్చోమన్నాను.

"ఆబ్జెక్టు అంటే ఏంది?" అని అడిగాను.

ఎల్లేశ్ చేతులు కట్టుకుని ఒకే ఊపులో చెప్పాడు: "లక్షణములు మరియు ప్రవర్తన కలిగిన వాస్తవ ప్రపంచ వస్తువును ఆబ్జెక్టు అందురు."

"అంటే?"

"రెండు మార్కులు అక్కా."

మే 9. మొదటి షిఫ్టు

పాఠం లైట్ల గదిలో పెట్టాను. అక్కడ టోపీ లైట్లు వరసగా చార్జింగ్‌కు వేలాడుతుంటాయి, ఒక్కోదానికి ఒక్కో టోకెన్ నంబరు.

ఒక కాగితం తీసుకుని రాశాను: లైటు అంటే ఒక బల్బు, ఒక బ్యాటరీ, ఒక టోకెన్ నంబరు, వెలగడం వచ్చు, ఆరడం వచ్చు. "ఈ కాగితం క్లాసు. దీన్ని నెత్తికి కట్టుకుంటే వెలుగుతదా?"

"వెలగది," అంది చంద్రకళ.

"ఇది చూసి తయారుచేసినయి అగో ఆ వరస. ఒక్కొక్కటి ఒక్కో ఆబ్జెక్టు. కాగితం ఒకటే, లైట్లు రెండొందలు. తయారయ్యేటప్పుడే దాని నంబరు దానికి పడుతది."

"మరి పని చూసే సర్దార్ల లైటుకు ఎర్ర బల్బు గూడ ఉంటది గద?" అన్నాడు ఎల్లేశ్.

"దానికి మల్ల మొత్తం రాస్తవా? లైటుకున్నదంత దీనికున్నది, ఇంకా ఒక ఎర్ర బల్బు, అని రాస్తే అయిపోతది. దాన్నే వారసత్వం అంటరు."

"మా పుస్తకంల దానికి పావు పేజీ ఉన్నది," అన్నాడు. వాడి మొహంలో మోసపోయినవాడి కోపం. ఆ కోపం నాకు తెలుసు. నేను కూడా ఆ పావు పేజీని రెండేళ్లు మోశాను.

మే 10. మొదటి షిఫ్టు

మొదటి లెవెల్ ఆడవాళ్లు పెద్ద ఫ్యాన్‌కు పసుపు రాసి, దాచిన కొబ్బరికాయ ఒకటి తెచ్చి కొట్టారు. కాయ పగిలి గంట కాలేదు, అన్ని గదుల్లో ఐదో పలక తెరుచుకుంది. గ్యాలరీల్లో కేకలు. మాస్కుల్లోంచే ఒకరినొకరు కావలించుకున్నారు. రాజమొగిలి సారు నా భుజం తట్టి, "సూసినవా?" అన్నాడు.

నేనూ ఫ్యాన్‌కు దండం పెట్టాను. సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను.

మే 12. మొదటి షిఫ్టు

పొద్దున మళ్లీ నాలుగు. కొబ్బరికాయలు కూడా లేవు.

నాలుగో లెవెల్ యాభై రెండో గదిలో కన్వేయర్ మీద పనిచేసే ఓదేలు పోయాడు. ముప్పై రెండేళ్లు. గదిలో తొమ్మిది మంది. తలనొప్పని పడుకున్నవాడు లేవలేదు. నాలుగో లెవెల్ గదులు పాత యంత్రాల హాళ్లు, పెద్దవి, అందుకే పెద్ద కుటుంబాలు చాలావరకు అక్కడే. పై రెండు లెవెళ్లలో గది ఎనిమిదడుగులు, ఇద్దరు కాళ్లు చాపితే మూడో మనిషికి చోటుండదు. చంద్రకళ వాళ్లు పగటిపూట నసీమా తమ్ముళ్లిద్దరినీ తమ గదిలో కూర్చోబెట్టుకుంటున్నారు. అంతకు మించి ఎవరూ ఏం చేయలేరు.

పిల్లల ముందు ప్రోగ్రాం మొత్తం అచ్చుతీసి పరిచాను. నలభై ఒక్క కాగితాలు. గాలికిటికీ క్లాసు ఎక్కడుందో వెతకమన్నాను. నసీమా కాగితాల మీద వంగి, తల ఎత్తకుండానే అడిగింది.

"అక్కా, ఎల్లేశ్ లైటు చార్జింగ్ అయిపోతే నా లైటుది గూడ అయిపోతదా?"

"ఎందుకైతది? దేని బ్యాటరీ దానిదే."

"కిటికీలు గూడ వేరేవేరే ఆబ్జెక్టులే గద. మరి అన్నీ ఒక్కపారే ఎందుకు దిగుతున్నై?"

నేనూ కాగితాల మీదికి వంగాను.

ఆ పిల్ల వేలు ఒక లైను మీద ఆగింది. "తలలు సమానం ఆరు. ఇది క్లాసు మీద రాసి ఉన్నది. కిటికీ తయారయ్యే కాడ, లోపల ఉండాలె గద, గదిల ఎంతమందో దానికి. ఇట్ల పైన రాస్తే ఏమైతది?"

"అందరికీ కలిపి ఒకటే తలల లెక్క ఉంటది," అంది చంద్రకళ మెల్లగా.

"ఎవ్వలన్న సచ్చిపోతే?"

చంద్రకళ చావుపుట్టుకల రిజిస్టర్ తెరిచింది. మే 5 సాయంత్రం ఐదు నలభై, రెండో లెవెల్ లస్మయ్య: అందరికీ ఐదు. మే 8 పదింటికి, నసీమా వాళ్ల దాదీ: అందరికీ నాలుగు. ఇవాళ ఓదేలు. మే 10న మొదటి లెవెల్ ముప్పయ్యో గదిలో ఒక ఆడపిల్ల పుట్టింది, గుమస్తా ఎక్కించిన నిమిషానికి అందరికీ ఐదో పలక తెరుచుకుంది. కొబ్బరికాయను నమ్మి దండం పెట్టింది నేను. ఒక గదిలో మనిషి పోతే, మొత్తం బాయిలో ప్రతి గదికీ ఒక మనిషి గాలి ఆగిపోతోంది. గాలి తగ్గితే ఇంకొకరు పోతారు. మళ్లీ తగ్గుతుంది.

"ఆగయ్య సారు ఇట్లెందుకు రాసిండు?" అన్నాడు ఎల్లేశ్.

ఆయనే రాశాడని అనొచ్చు. ఆయన తిరిగొచ్చి కాదనడు. కమిటీ ఎలాగూ ఆయన మీదే పెట్టింది.

"ఆయన లోపలనే రాసిండు. పైకి తెచ్చింది నేను. తీర్మానం అయినంక, అందరికీ ఒకటే అంటే ఒక్క కాడ రాస్తే చాలనుకున్న. అన్ని కిటికీలు ఆరు సూపెట్టినయ్. పని అయిందనుకున్న."

నసీమా కాగితం అంచును గోటితో గీస్తూ కూర్చుంది.

"మా దాదీ పోయింది గూడ అందుకేనా?"

"ఔ."

"ఆమె పోయినంక అందరికీ ఒక పలక పోయింది."

"ఔ."

కాగితాన్ని నా వైపు తిప్పింది. "లైను లోపలికి పెట్టు మరి. కూసున్నవేంది?"

మే 13. మొదటి షిఫ్టు

లైను లోపలికి పెట్టడం అర నిమిషం పని. కానీ నడుస్తున్న కిటికీలు పాత కాగితం మీద తయారైనవి. అవి మారవు. ప్రోగ్రాం ఆపి, మూడు వందల పన్నెండు కిటికీల్నీ మళ్లీ తయారుచేయాలి, ఒక్కోదానికి దాని తలల సంఖ్య చెప్పి. ఆపిన క్షణం పలకలన్నీ మూసుకుంటాయి. నాలుగో లెవెల్లో కిటికీ మూస్తే గ్యాస్ తలకెక్కడానికి పద్నాలుగు నిమిషాలు.

ఆలోగా ఆరుకైనా తెద్దామనుకున్నాను. చేత్తో సంఖ్య మార్చబోతే ప్రోగ్రాం ఒప్పుకోలేదు. ఆ లెక్కకు ఆగయ్య సారు తాళం వేశాడు. లోపలికి రెండే దారులు, పుట్టుక, చావు. ఎవడూ తనవాళ్లకు పలకలు పెంచుకోకుండా. మంచి పనే. ఎల్లేశ్‌కు చెబితే, "ఓ, దీన్నేనా ఎన్‌క్యాప్సులేషన్ అనేది?" అని నెత్తి కొట్టుకున్నాడు. "దీనికి గూడ రెండు మార్కులే."

పుట్టుక ఎక్కించాలంటే మంత్రసాని వేలిముద్ర, కమిటీ పెద్ద వేలిముద్ర కావాలి. మంత్రసాని ఒప్పుకుంది. రాజమొగిలి సారు దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను.

"అందరికీ ఒకటే అని మేం అన్నం. ఏడ రాయాల్నో నీకు తెల్వాలె గద."

"తెల్వలే సారూ. ఇప్పుడు తెల్సింది. రెండు పుట్టుకలు ఎక్కించుండ్రి. తర్వాత ఇంటికో లెక్క పెట్టనియ్యుండ్రి."

"పుట్టనోళ్ల పేరు మీద వేలిముద్ర వెయ్యాల్నా? ఇంటికో లెక్క అంటే తీర్మానం తియ్యాలె. తీర్మానం తీసేది సభ. సభ ఇరవై తారీఖు నాడు."

"ఇరవైలోపల ఎంతమంది పోతరో!"

"ఇంటికో లెక్క ఉన్నప్పుడు గూడ పోయిన్రు. మా నాయన అట్లనే పోయిండు. నువ్వప్పటికి పుట్టలే." అబద్ధం కాదు అది. అందుకే నాకు ఇంకా మండింది. గట్టిగా అరిచాను. ఆయన తలుపేసుకున్నాడు.

మే 15. మొదటి షిఫ్టు

మూడు. మూడో లెవెల్లో ఒక ముసలాయన పోయాడు.

మెహరున్నీసా అక్క లేచి నిలబడలేకపోతోంది. పెదాలు నల్లబడ్డాయి. ఉన్న మూడు పలకల కింద పిల్లల్ని పడుకోబెట్టి, తను దూరంగా గోడవార కూర్చుంటోంది. చెబితే వినదు.

నసీమా నాకు చెప్పకుండా ఒక పని చేసింది. పొద్దున రాజమొగిలి సారు ఇంటికెళ్లి, "సారూ, మా అమ్మ మిమ్ముల రమ్మన్నది" అని పిలుచుకొచ్చిందట. నేను వెళ్లేసరికి ఆయన పందొమ్మిదో గదిలో చాప మీద కూర్చుని ఉన్నాడు. మాస్కు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చుట్టూ పది మంది.

"ఏమన్న పనా మెహరమ్మా?" అన్నాడు.

"ఏం లేదు సారూ. జర సేపు కూసోండ్రి," అంది ఆమె. గోడకు తల ఆనించి ఊపిరి అందుకుంటూ అంది. "మీ గదిల ఎంతమంది?"

"నేను, మా ఆమె."

"మూడు పలకలు సరిపోతయి అయితే."

కూర్చున్నాడు. ఐదు నిమిషాలకు చెమట పట్టింది. పదిహేను నిమిషాలకు కణతలు నొక్కుకున్నాడు. ఇరవై నిమిషాలకు లేవబోయి తూలి, మాస్కు అందుకుని గ్యాలరీలోకి వెళ్లి వాంతి చేసుకున్నాడు. నసీమా నీళ్లిచ్చింది. ఆయన నోరు కడుక్కుని నా వైపు చూడకుండా అడిగాడు.

"ఎన్ని దినాలు పడుతది?"

"తలల లెక్క రాసేటందుకు రెండు దినాలు. తర్వాత పది నిమిషాల పని."

"సభకు నేను జవాబు చెప్పుకుంట." వేలు చాపాడు, సిరా కోసం. దొంగ పుట్టుకలు మూడు ఎక్కించాం. మూడు ఆరైంది. పది మందికి ఆరు చాలవు, కానీ రెండు రోజులు మోయాలి.

మే 16. రెండు షిఫ్టులూ

తలలు లెక్కపెట్టడానికి తిరిగాం. సగం ఇళ్లు అబద్ధం చెప్పాయి. ఐదుగురుంటే ఎనిమిదన్నారు. వాళ్లను తిట్టడానికి నోరు రాలేదు. పది రోజులుగా ఊపిరి కోసం కొట్టుకుంటున్నవాళ్లు ఒక పలక ఎక్కువ అడగరా? కానీ అందరి అబద్ధాలూ కూడితే రెండు వేల మూడు వందలు దాటింది. ఆ బరువుకు ఫ్యాన్ ఆగిపోతుంది.

చంద్రకళ ఉపాయం చెప్పింది. "అన్నం తినే యాళ్లకు పోదాం అక్కా. ఎంతమందని అడగొద్దు. పళ్లాలు లెక్కవెడదాం."

పళ్లాలు లెక్కపెట్టాం. పదహారు వందల పన్నెండు. ఫ్యాన్ మోస్తుంది. అందరికీ ఆరు అని పంచే బదులు ఉన్నవాళ్లకు ఉన్నంత ఇస్తే, ఇంకా రెండు వందల అరవై పలకల గాలి మిగులుతుంది. ఈ మాట సభలో ఎవరూ లెక్కవేయలేదు. నేనూ వేయలేదు. చప్పట్లు కొట్టించుకున్నాను.

మే 17. మొదటి షిఫ్టు

నాలుగు కీబోర్డులు, నలుగురం. లెవెల్‌కు డెబ్బై ఎనిమిది గదులు. గదికి ఎనిమిది సెకన్లు. పది నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు, ఏ తప్పూ జరగకపోతే.

నసీమా నాలుగో లెవెల్ తనకిమ్మంది. ఇవ్వలేదు. చేతులు వణికితే డెబ్బై ఎనిమిది గదులు పోతాయి. మొదటి లెవెల్ ఇచ్చాను. "నన్ను తిట్టుకో, కానీ అదే కొట్టు," అన్నాను. నాలుగో లెవెల్ నేను తీసుకున్నాను, పెద్ద కుటుంబాల నుంచి మొదలుపెట్టేలా కాగితం పేర్చుకుని.

పది గంటలకు ప్రోగ్రాం ఆపాను.

తెరిచి ఉన్న పద్దెనిమిది వందల డెబ్బై రెండు పలకలు ఒకేసారి మూసుకున్న చప్పుడు నేలలోంచి కాళ్లకు తగిలింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. పుట్టినప్పటి నుంచీ ఆ గాలి హోరు లేని క్షణం నేను ఎరగను.

నాలుగు-పందొమ్మిది, పది. తెరుచుకుంది. నాలుగు-యాభై రెండు, ఎనిమిది. నాలుగు-ఆరు, తొమ్మిది. నసీమా నా ఎడమ పక్కన రాజమొగిలి సారు గదికి రెండు, పక్కింటికి మూడు కొడుతోంది. ఒక్కసారి కూడా నా స్క్రీన్ వైపు చూడలేదు.

ఆరో నిమిషంలో ఎల్లేశ్ కేకేశాడు. "అక్కా, ఆగిపోయింది! తీస్కుంటలేదు!"

"ఏం కొట్టినవ్?"

"మూడు-నలభై నాలుగు, పదమూడు. ఎర్రగొచ్చింది!"

"పలకలు పన్నెండే గదరా! పన్నెండు కొట్టు, ఒకల్ని పక్కింటికి పంపుతం."

"కీబోర్డు పనిచేస్తలేదు అక్కా!"

నా చేతులు ఆపలేను. నాలుగో లెవెల్లో ఇంకా ముప్పై ఆరు గదులున్నాయి. వాడి పక్కన చంద్రకళ తన వరస వదిలేసి, వాడి తీగ పీకి మళ్లీ పెట్టి, తప్పు పడ్డ ఆబ్జెక్టును తీసేసి, పన్నెండు కొట్టి తన కుర్చీలోకి పోయింది. ఇరవై సెకన్లు. ఎవరూ నేర్పలేదు ఆ పిల్లకు.

పదకొండు నిమిషాల యాభై సెకన్లకు చివరి కిటికీ తెరుచుకుంది. హోరు తిరిగొచ్చింది. ఎల్లేశ్ బల్ల మీద తల పెట్టి ఏడ్చాడు. నసీమా అప్పటికే మాస్కు తగిలించుకుని పరుగెత్తింది.

మెహరున్నీసా అక్క పది పలకల కింద కూర్చుని ఉందట. నవ్విందట.

మే 19. మొదటి షిఫ్టు

ఆమె ఇవాళ పొద్దున పోయింది.

దాదాపు నెల రోజులు తక్కువ గాలితో లాగిన గుండె, రెండు రోజుల మంచి గాలికి కోలుకోలేదని కాంపౌండర్ అన్నాడు. మగవాళ్లు ఆమెను మూసేసిన గ్యాలరీ వైపు మోసుకెళ్లారు. గుమస్తా ఈసారి చావు కాగితం తను ఎక్కించకుండా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆయన వెనకే నసీమా వచ్చి నిలబడింది.

"నసీమా, మీ అమ్మను..." అన్నాను.

"కాగితం ఎక్కిచ్చినవా?"

"లేదు. ఎక్కియ్యను. ఫ్యాన్‌కు ఇంకా రెండొందల పలకల బలమున్నది. మీ గదిల ఒక పలక ఎక్కువుంటే ఎవ్వలకు నష్టం లేదు. ఉండనియ్యి."

"ఎక్కియ్యి అక్కా."

"ఎందుకే?"

"లైను లోపల రాసినవ్ గద. సరిగ్గ రాసినవో లేదో, రాసినంక ఇంతదాక ఎవ్వలు సావలే. ఎట్ల తెలుస్తది మనకు?"

ఆ పిల్లే కీబోర్డు తన ముందుకు లాక్కుంది. నాలుగు-పందొమ్మిది. చావు. ఒకటి. పేరు పూర్తిగా కొట్టింది, ఒక్క అక్షరం కూడా వదలకుండా. వేలు ఒక క్షణం మీట మీద ఆగింది. నొక్కింది.

పది తొమ్మిదైంది.

"పళ్లాల కాగితం తియ్యి," అంది.

తీశాను. మొదటి లెవెల్ ఒకటో గది నుంచి మొదలుపెట్టి స్క్రీన్ మీదున్న సంఖ్యల్ని పైకి చదవసాగింది. ఒకటి-ఒకటి, నాలుగు. ఒకటి-రెండు, మూడు. ఒకటి-మూడు, రెండు. నేను కాగితంలో అదే సంఖ్య వెతికి టిక్కు పెట్టాను. రెండో లెవెల్. మూడో లెవెల్. మూడు-నలభై నాలుగును పన్నెండుగా, పక్కింటిని ఒకటి ఎక్కువగా ఆనాడే కాగితంలో దిద్దుకున్నాం. మధ్యలో గొంతు ఎండిపోయి నీళ్లు తాగింది, మళ్లీ చదివింది. నాలుగు-పద్దెనిమిది, ఏడు. ఆ తర్వాతి గది వదిలేసి నాలుగు-ఇరవై చదివింది, ఎనిమిది. ఒక్కటీ కదల్లేదు.

మూడు వందల పదకొండు టిక్కులు పడ్డాయి. ఒక గది దగ్గర పది కొట్టేసి తొమ్మిది వేయాలి. నా చేయి రాలేదు. పెన్సిల్ తన వైపు జరిపాను.

కొట్టేసింది. రాసింది.